ఈరోజు ఎరుపు

"వంద క్యాబేజీలా? ఎవర్నడిగి ఒప్పుకున్నావు?"

మీహ్వా అప్పుడే ఇంట్లో అడుగుపెట్టింది. బడి వంటశాలలో పిల్లలందరికీ వండి, వడ్డించి, గంగాళాలు తోమి వచ్చిన ఒళ్ళు. బూట్లయినా విప్పలేదు. సోఫాలో బనీనుతో కూర్చున్న మొగుడు కిచోల్ మాత్రం శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. ఈసారి చలికాలానికి సరిపడా క్యాబేజీ ఊరగాయ, అదే కిమ్చీ, అంతా వీళ్ళింట్లోనే పెట్టాలట. అత్తగారికీ, ఇద్దరు ఆడపడుచులకీ కలిపి.

"అమ్మకి నడుం నొప్పి. అక్కలకి తీరిక లేదు. నీకంటావా, చెయ్యి తిరిగిన పనాయె."

"నావల్ల కాదు. మీ అమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు."

కిచోల్ ఫోన్ తీసి, దానికేసి చూసి, పెద్ద డాక్టరులా తల పంకించాడు.

"అనుకున్నాను. ఈరోజు ఎరుపు."

మీహ్వాకి ఒళ్ళు మండిపోయింది. ముట్లుడిగే వయసు ఆడవాళ్ళ కోసమని 'రెండో వసంతం' అనే యాప్‌కి ఏడాది చందా కట్టి, ఆమె పుట్టినరోజుకి కానుకగా ఇచ్చాడు మహానుభావుడు. దాంతో చేతికి పెట్టుకునే నల్ల పట్టీ వచ్చింది. ఒకటికి ఒకటి ఉచితం కావడంతో, రెండోది తన అడుగులు లెక్కపెట్టుకోవడానికి తను తగిలించుకున్నాడు. ఆమె పట్టీ నిద్రనీ, చెమటనీ, గుండెదడనీ కొలిచి, పెళ్ళాం మనసు ఏ రంగులో ఉందో మొగుడి ఫోన్‌కి చేరవేస్తుంది. పచ్చ అయితే మాట్లాడొచ్చు. ఎరుపైతే వాదించకూడదు, ఆమె అన్నది మనసులో పెట్టుకోకూడదు. కిచోల్‌కి ఆ చివరి ముక్క తెగ నచ్చేసింది.

అతను ఆమె కళ్ళెదుటే తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, నీ కోడలు వద్దంటోంది గానీ నువ్వేం పట్టించుకోకు. ఎరుపులో ఉంది. రేపటికి సర్దుకుంటుంది."

"పాపం, ఆ వయసే అంత," అంది ఫోన్లోంచి అత్తగారు. "కాస్త సోయా పాలు పట్టించరా. క్యాబేజీలు శనివారం పంపిస్తాను."

వద్దని ఎంత గట్టిగా అన్నా, అది ఎవరి చెవికీ వద్దన్నట్టు వినిపించడం లేదు. మీహ్వాకి ఏడుపొచ్చినంత పనయింది. క్యాబేజీల మాట అటుంచి, కనీసం తన కోపం తనదని ఒప్పుకునేవాళ్ళు కూడా లేరు.

"ఈ దిక్కుమాలిన యాప్‌ని ఇప్పుడే వదిలించుకుంటాను."

"దాని వెనక ఎంత సైన్సుందో తెలుసా నీకు?"

"ఏం సైన్సు? ఆవిర్లొస్తే కిటికీ తియ్యమంటుంది. ఆ మాట చెప్పడానికి చందా కావాలా? నాకు ఆవిర్లతో ఒళ్ళంతా తడిసిపోయిన రోజు పచ్చ చూపిస్తుంది. మొద్దులా నిద్రపోతే, రాత్రంతా పొర్లారు అంటుంది. పొద్దస్తమానం గంగాళాలు మోసుకు తిరిగేదాన్ని పట్టుకుని, కూర్చున్నచోటు నుంచి కదలడం లేదు, కాస్త నడవండి అంటుంది!"

"నన్ను చూసి నేర్చుకో, ఉన్బీ అమ్మా," అన్నాడు కిచోల్, కూతురి పేరు కలిపి పిలుస్తూ. " ఇళ్ళ బేరాల ఆఫీసులో కుర్చీ వదిలే పని ఉండదు నాకు. అయినా అడుగుల్లో మా కొండలెక్కే బృందం మొత్తానికీ నేనే మొదటివాణ్ణి. కాఫీ కోసం లేచినా నడకే మరి."

"నిన్న సీరియల్ చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది ఎవరో?"

"అది జలుబు!" అని అరిచి కిచోల్ రిమోట్ విసిరికొట్టాడు. లేచి వెళ్ళి ఆ నవంబరు చలిలో కిటికీ బార్లా తీశాడు. చేతికి దొరికిన కరపత్రంతో విసురుకోవడం మొదలుపెట్టాడు.

మీహ్వా అతనికేసి చూడను కూడా చూడలేదు. యాప్ వాళ్ళకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టింది.

"చందా రద్దు చెయ్యమ్మా."

"ఉండిపోతే రెండు నెలలు ఉచితం మేడం," అంది అవతలి పిల్ల తియ్యగా.

"ఎదురు డబ్బులిచ్చినా వద్దు."

"అలాగే మేడం. ముందు మీ పట్టీని విడదీయాలి. మీ పేరు మీదున్న పట్టీకి ఇక్కణ్ణుంచి సంకేతం పంపుతున్నాను. అది బుర్రుమనగానే మీట నొక్కండి, చాలు."

మీహ్వా చెయ్యి చాచి పట్టీకేసి చూస్తూ నిలబడింది. అది ఉలకలేదు, పలకలేదు.

"ఏదమ్మా, మోగట్లేదు."

"ఒక్క నిమిషం మేడం, మళ్ళీ పంపుతాను."

"చూశావా!" కిచోల్ వేలు చూపిస్తూ మీదికొచ్చాడు. "నీ అరుపులకి యంత్రం కూడా హడలి చచ్చింది. అందుకే అంటున్నాను, ముందు నీ ఒంట్లో..."

బుర్ర్‌ర్‌ర్.

చూపిస్తున్న వేలు గాల్లోనే ఆగిపోయింది. అతని మణికట్టు మీది పట్టీ గిలగిలా కొట్టుకుంటోంది.

మీహ్వా దానికేసి చూసింది. తన చేతి పట్టీకేసి చూసింది. బార్లా తీసిన కిటికీకేసి, మొగుడి చేతిలోని కరపత్రానికేసి చూసింది.

"మోగిందా మేడం?"

"మోగిందమ్మా, బ్రహ్మాండంగా మోగింది. రద్దు వద్దులే, ఇంకో ఏడాదికి పొడిగించు. పేరు మాత్రం మార్చాలి. రాసుకో, ఇంటిపేరు నామ్, పేరు కిచోల్. అవునమ్మా, మగమనిషే."

ఫోన్ పెట్టేసి, వెంటనే అత్తగారికి కలిపింది.

"అత్తయ్యా, శనివారం క్యాబేజీలు పంపకండి. మీ అబ్బాయి సరేనన్నది మీరేం పట్టించుకోకండి. పాపం, ఆ వయసే అంత."