సిగ్నల్ పడలేదు

"జర గ్యాస్ బంద్ చెయ్యి. చేపలు సచ్చిపోయేటట్టున్నయి," అంది విక్టోరియా.

"సిగ్నల్ వడలే," అన్నాడు ఆశీర్వాదం, సిలిండర్ మీటను ఇంకాస్త తిప్పుతూ.

నాచారంలో వాళ్ల హాల్లో నాలుగడుగుల అక్వేరియం ఉంది. చేపలకంటే మొక్కలే ఎక్కువ. మొక్కలన్నాక ఎరువు చుక్కలు వేయాలి, ఆ ఎరువు వంటబట్టడానికి కార్బన్ డయాక్సైడ్ గ్యాసు వదలాలి. గ్యాసు తక్కువైతే నాచు పడుతుంది, ఎక్కువైతే చేపలకు ఊపిరాడదు. ఎంత ఉందో తెలియడానికి అద్దం లోపల చిన్న గాజు బుడ్డి ఒకటి అంటించి ఉంటుంది. అందులో మందు నీలంగా ఉంటే గ్యాసు చాలదని, ఆకుపచ్చగా మారితే సరిపోయిందని. రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

బుధవారం నుంచి నీలమే. గ్యాసు పెంచాడు, నీలమే. ఎరువు ఎక్కువైందేమోనని సగం నీళ్లు మార్చి మళ్లీ పెంచాడు. అయినా మొండి నీలం. ఇవాళ నాలుగింటికి అక్వేరియంల పోటీకి ఫొటో తీయడానికి ఉప్పల్ నుంచి బ్లెస్సన్ వస్తాడు. ఒక్క చేప చచ్చినా పోటీలోంచి తీసేస్తారు.

"పదకొండు చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయి. కండ్లు లేవా నీకు?"

"డ్రైవర్ సిగ్నల్ సూడాలె. ప్యాసింజర్ల మొఖాలు కాదు."

విక్టోరియాకు ఒళ్లు మండింది. పొద్దున్నే వాటికి మేత వేసేది ఆమే.

బ్లెస్సన్ రానే వచ్చాడు. అక్వేరియాల దుకాణం అతనిది, ఆశీర్వాదానికి ఈ పిచ్చి పట్టించిందీ అతనే. చేపలను చూసి నొసలు చిట్లించాడు. గాజు బుడ్డిని చూశాక తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"గ్యాస్ మస్తు తక్కువుంది అంకుల్. ఇంక పెంచున్రి."

"మరి చేపలు గట్ల కొట్టుకుంటున్నయి గదా బిడ్డా?" అంది విక్టోరియా.

"గ్యాస్ తక్కువున్నప్పుడు వాటికి ఊపిరాడకపోవుడు ఉండది ఆంటీ. ఉట్టిగనే జేస్తున్నయి."

అంతలో ఒక చేప పక్కకు ఒరిగి, తేలుతూ అద్దానికి ఆనుకుంది. ఆశీర్వాదం కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చెయ్యి మాత్రం మీటను ముందుకే తిప్పబోయింది.

విక్టోరియా ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. "పొద్దుగాలటి సంది సిగ్నల్ సిగ్నల్ అంటున్నవ్. ఏడుందయ్యా ఆ సిగ్నల్? నాకు సూపియ్యి."

ఆశీర్వాదం గాజు బుడ్డి వైపు వేలు చూపించాడు. "అగో, అండ్ల మందు ఆకుపచ్చగ కావాలె."

"అదా? బుధవారం ఆకుపచ్చగనే అయింది. పాచి వట్టిందని కడిగేసి, ఎప్పటిలెక్క నీలంగ కనవడాలని నీ తెల్ల అంగీలకు వెట్టే నీలిమందు నింపిన."