ఒక్క పంక్తిలో పట్టని అర్థం

మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. రెండు రోజులుగా పట్టిన ముసురు ఇంకా తెరిపి ఇవ్వలేదు.

నిఘంటు కార్యాలయంలో సంపాదకురాలు కుర్చీలో కూర్చుందో లేదో, అటెండరు తలుపు దగ్గర నిలబడి నవ్వాడు.

"మేడం, మీ జువెనైల్ వచ్చారు."

డెబ్బై దాటిన ఆ పెద్దాయన రావడం అది మూడోసారి. గోడు మాత్రం ఒక్కటే, జువెనైల్ అన్న మాట.

ఆ కార్యాలయం బడిపిల్లల కోసం వేసిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో ఇన్‌ఫెంట్ అంటే చంటిబిడ్డ అని, టాడ్లర్ అంటే తప్పటడుగులు వేసే బిడ్డ అని, జువెనైల్ అంటే చిన్నపిల్ల అని ఉంది. మొదటి రెండూ సరే. మూడోదే కొంప ముంచింది.

ఇల్లు తగలబడి యజమాని చనిపోయిన కేసులో ఒక పనిపిల్ల పట్టుబడింది. పదహారేళ్లు. జువెనైల్ అయితే పిల్లల కోర్టుకు పంపాలని చట్టం. ఆ చట్టం ఇంగ్లీషులో ఉంది. కోర్టు గుమాస్తా ఈ నిఘంటువు తెరిచి, పదహారేళ్లది చిన్నపిల్ల ఎలా అవుతుందని కేసును పెద్దల కోర్టుకే రాసేశాడు. తీర్పు గురువారం.

పద్దెనిమిది నిండనివారంతా జువెనైలేనని కార్యాలయం తరఫున ఒక ఉత్తరం ముక్క ఇస్తే చాలునని పెద్దాయన అడుగుతున్నారు.

"సవరణలన్నీ వచ్చే కూర్పులోనేనండీ. మధ్యలో ఉత్తరాలిచ్చే ఆనవాయితీ మాకు లేదు."

"గురువారం దాటాక ఏ కూర్పు వస్తే ఏం లాభమమ్మా?"

"ఇంతకీ ఆ అమ్మాయి మీకేమవుతుంది?"

"ఏమీ కాదు. పేపర్లో చదివాను."

"మరి ఊళ్లో ఎవరికీ లేని బాధ మీకెందుకండీ?"

ఆయన ఏదో చెప్పబోయి మానుకున్నారు. చేత్తో రాసిన అర్జీ బల్ల మీద పెట్టి, నమస్కరించి వెళ్లిపోయారు.

శుక్రవారం పేపర్లో తీర్పు వచ్చింది. పదేళ్లు.

నిఘంటువులో తప్పేమీ లేదని తనకు తాను చెప్పుకోవడానికే సంపాదకురాలు రికార్డు గదికి వెళ్లి, ఆ మాటకు పండితుడు మొదట రాసి పంపిన మూల చీటీ తీయించింది. అర్థాలు రాసి పంపే పండితుల పేర్లు చీటీల మీద ఉండవు, అంకెలే ఉంటాయి. ఎవరు రాశారో సంపాదకులకు తెలియకూడదు. రాసినవారు చెప్పుకోకూడదు. చెప్పుకోమని పండితులు ముందే మాట ఇచ్చి సంతకం చేస్తారు.

చీటీ మీద ఇలా ఉంది: 'పద్దెనిమిదేళ్లు నిండని వ్యక్తి, చట్టంలో వాడే మాట.'

ఒక్కో మాటకు ఒక్క పంక్తే అన్న నియమం కోసం, దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి 'చిన్నపిల్ల' అని రాసిన చేయి తనదే.

కొట్టేసిన అక్షరాలు ఎక్కడో చూసినట్టున్నాయి. బల్ల మీది అర్జీ తెచ్చి పక్కన పెట్టింది.

రెండూ ఒక్కరి దస్తూరే. మూడుసార్లు తన ముందు నిలబడ్డ ఆ పెద్దాయనే ఆ అర్థం రాసిన పండితుడు. ఇచ్చిన మాటకు కట్టుబడి, ఆ సంగతి చెప్పకుండానే వెళ్లిపోయారు.

ఆరేళ్లకు వెలువడిన కొత్త కూర్పులో ఆయన రాసిన అర్థం రెండు పంక్తుల్లో పూర్తిగా అచ్చయింది. అప్పటికి ఆ పనిపిల్లకు ఇరవై రెండేళ్లు, శిక్ష ఇంకా నాలుగేళ్లు మిగిలి ఉంది.