ఇంకు కోసం వెళ్లిన మనిషి

"మార్చి తొమ్మిది, ఆదివారం. మధ్యాహ్నం ఆమ్లెట్టు, కాల్చిన బ్రెడ్డు తిన్నాం. ఎప్పట్లాగే ఆయన బ్రెడ్డు అంచులు తీసి పక్కన పెట్టారు. ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది, ఇప్పుడే వస్తానని చెప్పులేసుకుని వెళ్లారు. అంతే. మనిషి మళ్లీ కనబడలేదు."

పెద్దావిడ అలా చెబుతూనే వీధి తలుపుకి తాళం వేసింది. తాళంచెవిని కళ్లజోడు పెట్టెలో పెట్టింది. పెట్టె ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కుర్చీలో కూర్చుంది.

"తాళం ఎందుకు మేడమ్?" అన్నాడు ప్రింటర్ మెకానిక్.

"ఎందుకా? మీ సంగతి తెలుసు గనక. రోజుకొకడు వస్తాడు. సంచీ విప్పుతాడు, అయిపోయిందంటాడు, మాయమైపోతాడు. ఈసారి ఫోటో నా చేతికి వచ్చేదాకా నువ్వు కదిలేది లేదు."

మెకానిక్ కిటికీ వైపు చూశాడు. ఇనుప ఊచలు. పెరటి తలుపు వైపు చూశాడు. చెయ్యి అందనంత ఎత్తులో గడియకి ఇంకో చిన్న తాళం. అతను నిట్టూర్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఆయన ఫోటో ఈ కంప్యూటర్‌లోనే ఉంది. కాగితం మీదికి వస్తే వీధిలో నలుగురికీ చూపిస్తాను. ఎవరో ఒకరు చూశామనకపోరు," అంది ఆవిడ. కళ్లజోడు పెట్టెని ఒళ్లో సర్దుకుంది. "ఊఁ, కానీ."

తెర మీద ప్రింటర్ పేరు పక్కన పసుపు గుర్తు ఉంది.

"ప్రింటర్ బాగానే ఉంది మేడమ్. డ్రైవర్ పోయింది."

"పోతే పోనీ. నువ్వు నడుపు."

అతనికి నవ్వొచ్చింది. "ఆ డ్రైవర్ కాదండీ. కంప్యూటర్ చెప్పేది ప్రింటర్‌కి అర్థమయ్యేలా చేసే చిన్న ప్రోగ్రాం. అది లేకపోతే ప్రింటర్ ఎదురుగానే ఉన్నా కంప్యూటర్ గుర్తుపట్టదు."

"ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టకపోవడమేమిటి, విడ్డూరం! కళ్లు లేవా దానికి?"

మెకానిక్ వైరు ఊడదీసి మళ్లీ గుచ్చాడు. ప్రింట్ కోసం క్యూలో ఇరుక్కుపోయిన పాత ఆర్డర్లు తుడిచేశాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. కొత్త డ్రైవర్ దింపితే, ఈ పాత ప్రింటర్‌తో పొసగనంది. ఇంకా పాతది వెతకాలి. అది దిగుతున్నంతసేపూ తెర మీద గీత చీమలా కదిలింది.

ఆవిడ లేచి బ్రెడ్డు కాల్చి తెచ్చింది. కళ్లజోడు పెట్టె మాత్రం చంకలోంచి తియ్యలేదు.

"తిను. ఆకలితో చేస్తే పని తగలేస్తావు."

"మీరూ తింటేనే తింటానండి."

"బెదిరింపా?" అంటూనే ఆవిడ ఒక ముక్క తీసుకుంది. మెకానిక్ ఆవిడ తినడం అయ్యేదాకా చూసి, తనూ తిన్నాడు. అతని ప్లేటులో అంచులు మిగిలాయి.

"తిండి దగ్గర కూడా వంకలేనా?"

"పళ్లు సరిగా లేవండి," అన్నాడు. వంగి బల్ల కింది సొరుగు లాగి ఫోటో కాగితం తీశాడు.

"ఏయ్! అక్కడుందని నీకెవరు చెప్పారు?"

"అందరూ అక్కడే పెడతారు మేడమ్."

ఆవిడ అనుమానంగా చూసి, పెట్టెని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

అతని ఫోన్ మోగింది. చూసి ఆపేశాడు.

"ఎవరు?"

"మా అమ్మాయండి. ఎలా ఉన్నామో కనుక్కుంటుంది రోజూ."

"మరి మీ ఆవిడ?"

"ఎదురుచూస్తోందండి."

"పాపం," అంది ఆవిడ, మొదటిసారి మెత్తగా. "త్వరగా కానిచ్చి వెళ్లు. ఎదురుచూడ్డం ఎంత కష్టమో నన్నడుగు."

కిటికీలో వెలుగు పలచబడింది. పసుపు గుర్తు పోయింది. ప్రింటర్ గొంతు సవరించుకున్నట్టు గరగరమంది. కాగితం కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. ముందు దట్టమైన నల్లటి జుట్టు, తర్వాత నుదురు, తర్వాత పెళ్లినాటి బెదురు నవ్వు.

ఆవిడ దాన్ని అందుకుని గుండెలకి హత్తుకుంది.

"చూశావా! ఎంత జుట్టో!"

"మంచి జుట్టేనండి."

"నీకా దిగుల్లేదులే," అని అతని బట్టతల చూసి ఫక్కున నవ్వింది. కళ్లు తుడుచుకుంది. "ఇల్లిల్లూ తిరిగేవాడివి. ఎక్కడైనా కనబడితే చెప్పు."

"ఏమని చెప్పమంటారు?"

"ఇంకు దొరక్కపోయినా ఫరవాలేదు, ఇంటికి రమ్మను. కోప్పడనులే అన్నానని చెప్పు."

"చెప్తానండి," అన్నాడు. సంచీ జిప్పు లాగడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

ఆవిడే తాళం తీసి, వీధి తలుపు బార్లా తెరిచింది. చల్లగాలి లోపలికొచ్చింది.

"చీకటి పడింది. నలుగురికీ రేపు చూపిస్తాలే. నాకు నిద్రొస్తోంది. వెళ్లేటప్పుడు తలుపు లాగి వెళ్లు," అంది.

పడకగదిలోకి వెళ్లి మంచం మీద గోడవైపుకి జరిగి పడుకుంది. రెండో సగం దుప్పటి ముడత లేకుండా సర్ది, ఫోటోని అక్కడి దిండు మీద పెట్టింది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది.

మెకానిక్ మళ్లీ కంప్యూటర్ దగ్గరికొచ్చాడు. ఇంతసేపూ కష్టపడి ఎక్కించిన డ్రైవర్‌ని తీసేశాడు. పసుపు గుర్తు తిరిగొచ్చింది. రేపు బెల్లు కొడితే ఆవిడ లోపలికి రానివ్వాలంటే, అది అక్కడ ఉండాలి.

తర్వాత, మార్చి తొమ్మిదిన ఇంకు కొనుక్కుని అరగంటలోనే ఇంటికి తిరిగొచ్చిన ఆ మనిషి, వీధి తలుపుని చప్పుడు కాకుండా లోపలి నుంచి మూశాడు.