తప్పు నంబరు తాత

"తాతా, మళ్ళీ నాకే చేశావు. నీవి వేళ్ళా, రోకళ్ళా?"

పొయ్యి మీద కూర ఉడుకుతోంది. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని గరిటె తిప్పుతోంది ఆమె.

కుట్టుమిల్లులో అందరూ ఆమెను గయ్యాళి అంటారు. అననీ. వాళ్ళు కుట్టే హాలుకు మంచినీళ్ళ కుళాయి వచ్చింది ఆ నోటివల్లే. ఆ హాలుకు ఆమే మేస్త్రీ కాబట్టి ఫోను మిల్లు ఇచ్చిందే. మేస్త్రీల నుంచి పై పెద్దల దాకా అందరికీ ఒకే వరుస నంబర్లు.

"మావాడికి చేశానమ్మా. వేలు పక్క బటన్ మీద పడింది."

"రోజూ పడుతుందా?"

"చూపు లేదు కదమ్మా. తడిమి నొక్కుతాను."

"సరేలే. అన్నం తిన్నావా?"

అటునుంచి నేల తడుముతున్న చప్పుడు.

"గుండె మాత్ర కింద పడిపోయిందమ్మా. దొరకడం లేదు. అందుకే వాడికి చేశాను."

ఆమె గరిటె వదిలేసింది.

"కంగారు పడకు. కింద కూర్చో. మంచం కోడు పట్టుకున్నావా? ఇప్పుడు పసిపిల్ల వీపు నిమిరినట్టు నేల నిమురుకుంటూ రా. తొందర లేదు. నేను లైన్లోనే ఉన్నా."

"దొరికిందమ్మా" అని తాత అనేసరికి కూర బొగ్గయింది.

ఎవరు, ఏమిటి అని ఆమె అడగలేదు. ఎన్నడూ అడగలేదు. మిల్లులో సమ్మె నడుస్తోంది. అడిగే తీరిక ఎక్కడిది?

మర్నాడు పోలీసులు వచ్చారు.

ముందురోజు మిల్లు గోదాము తగలబడింది. తగలబెట్టింది ఆమేనని యజమాని ఫిర్యాదు. పారిపోతుంటే మేనేజరు కళ్ళారా చూశాడట. సమ్మె విరగాలంటే ఎవరో ఒకరు లోపలికి పోవాలి. నోరున్నది ఆమెకే కాబట్టి ఆమే పోవాలి.

ఆమె తరఫు లాయరమ్మ కాల్ రికార్డు తెప్పించింది, ఫోన్ కంపెనీ ధ్రువపత్రంతో సహా. గోదాము అంటుకున్న వేళ ఆమె ఫోను ఇంటి పక్క టవరు కిందే ఉంది. పొడుగాటి కాల్.

"ఎవరిదీ నంబరు?"

"ఎవరో ముసలాయన మేడమ్. తప్పు నంబరు."

"తప్పు నంబరుతో ఇంతసేపా? జడ్జిగారు నవ్వుతారు."

"మాత్ర వెతికిచ్చాను."

"ఫోన్లోనా?"

"మరి ఆయనకు కళ్ళు లేవు. నాకు ఆయన ఇల్లు తెలీదు."

లాయరమ్మ ఆ నంబరుకు చేసింది. తాత అంతా విన్నాడు. ఏ మిల్లు అని అడిగాడు. ఆ పేరు మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు.

"కోర్టు ఎక్కడో చెప్పమ్మా. వస్తాను."

కోర్టుకు యజమాని రాలేదు. ఇలాంటి చోట్లకు మేనేజర్నే పంపుతాడు.

ఎదుటి లాయరు రికార్డు కాగితాన్ని గాలిలో ఊపాడు.

"ఇది నిజమే. ఫోను ఇంట్లోనే ఉంది. మరి మనిషి? ఫోను చెల్లెలి చేతిలో పెట్టి తను గోదాముకు వెళ్ళకూడదా? ఇందులో నంబర్లున్నాయి గానీ గొంతు లేదు."

గయ్యాళి వెనక్కి తిరిగి చూసింది. వెనక బెంచీలో చెల్లెలి ఒళ్ళో తన కూతురు. అమ్మ ఇంటికొస్తుందా రాదా అన్నది ఈ పూట తేలిపోతుంది.

తాత చేతికర్ర తాటిస్తూ లోపలికి వచ్చాడు.

మేనేజరు గబుక్కున లేచి నిలబడ్డాడు. ఎదుటి లాయరు చెవిలో ఏదో చెప్పబోయాడు.

"ఆగండి, నా పని నన్ను చేసుకోనివ్వండి" అని విసుక్కున్నాడు లాయరు.

"ఆ రోజు మాట్లాడిన గొంతు గుర్తుపడతారా?" అడిగారు జడ్జి.

"మాట్లాడించండి బాబూ."

మొదట చెల్లెల్ని పిలిచారు.

"నమస్కారం తాతగారూ" అంది ఆ పిల్ల భయంభయంగా.

తాత తల అడ్డంగా ఊపాడు. "ఈమె కాదండీ. ఆమెకు ఇంత మర్యాద లేదు."

తర్వాత గయ్యాళి వంతు. ఫోన్లో మాట్లాడినట్టే మాట్లాడమన్నారు జడ్జి. ఇంతమంది పెద్దల ముందు నోరు ఎలా పెగులుతుంది? తాత వైపు తిరిగింది.

"తాతా... నీవి వేళ్ళా, రోకళ్ళా? ఇంత దూరం ఒక్కడివే ఎలా వచ్చావు? మాత్ర వేసుకున్నావా లేదా?"

కోర్టు హాలు ఘొల్లుమంది.

తాత మొహం విప్పారింది. "వేసుకున్నానమ్మా" అన్నాడు ఆ గొంతు వైపు తిరిగి. "ఈమేనండీ. ఈమె కాక ఇంకెవరు తిడతారు నన్ను?"

ఎదుటి లాయరు లేచాడు.

"ఈమె మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"సాక్ష్యానికి ఏమిచ్చింది?"

"ఇప్పుడు విన్నారుగా. తిట్లిచ్చింది."

మళ్ళీ నవ్వులు. లాయరు మొహం ఎర్రబడింది.

"రోజూ తప్పు నంబరేనా? నమ్మమంటారా?"

"మొదట్లో తప్పే. తర్వాత తర్వాత దిద్దుకోలేదు. మావాడికి కలిసినా ఎత్తడు బాబూ. ఈ పిల్ల తిట్టడానికైనా ఎత్తుతుంది."

గయ్యాళి కళ్ళు తుడుచుకుంది. ఈ కేసు తేలగానే ఆ కొడుకెవడో కనుక్కుని నాలుగు దులపాలనుకుంది.

"ఎవరా మీవాడు?" రెట్టించాడు లాయరు.

మేనేజరు తల దించుకున్నాడు.

తాత రెండు చేతులూ కర్ర మీద ఆనించాడు. జడ్జి ఉన్న వైపు మొహం తిప్పాడు. గొంతు పెంచలేదు.

"ఈ అమ్మాయి మీద కేసు పెట్టాడే, ఆ మిల్లు యజమాని... వాడే బాబూ, నా కొడుకు."