అందరూ అన్నారు

"నోరు తెరువు, శంకరవ్వా," అన్నాను పట్టకారు పైకెత్తి.

ఊళ్లో జ్వరంతో మూడో పిల్ల పోయింది. కొండగట్టు అంజన్నకు మొక్కినా తగ్గలేదు. శంకరవ్వ బాణామతి చేసిందని ఊరంతా తేల్చింది. పళ్లు పీకితే మంత్రం పలకదట. కమ్మరివాణ్ని కనుక ఆ పని నాకు పడింది.

"నేను చేసినట్టు ఎవరు చూసిండ్రు, మొండయ్యా?"

"అందరంటున్నరు."

"అందరంటే ఎవరు బిడ్డా?"

వెనక మూగిన గుంపు వైపు తిరిగాను. ప్రతివాడూ పక్కవాడి వైపు చూస్తున్నాడు.

"జల్ది కానియ్!" ఎవరో అరిచారు.

శంకరవ్వ ఎప్పుడు మాట్లాడినా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మనిషి. సిగ్గనుకునేవాణ్ని. ఇప్పుడు కొంగు తీసి నోరు తెరిచింది.

ఒక్క పన్నూ లేదు.

"గప్పటికి నువ్వు చంటి పిల్లగానివి. వాంతులు బేదుల గత్తరొచ్చిన ఏడు మీ బాపు పీకిండు, గీ పట్టకారుతోనే. గప్పుడు గూడ అందరన్నరు."

గుంపులో ముసలివాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లకు తెలుసు.

"పీకినంక గత్తర ఆగిందా అవ్వా?"

"ఆగలే. మీ బాపును గూడ తీస్కపోయింది."

ఆమె మళ్లీ కొంగు నోటిదాకా తెచ్చుకుంది.

"వద్దవ్వా, నువ్వు గాదు," అన్నాను.

పట్టకారు కింద పడేసి, భుజం మీది తువ్వాల తీసి నా నోటికి అడ్డం పెట్టుకున్నాను.