ఒక్క పేరు

"నవ్య పేరు రాసి పంపేయండి మేడమ్. ట్రయల్స్ పెట్టలేదేమని అడిగేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు," అన్నాడు దర్శన్, ఫారం ఆమె ముందుకు జరుపుతూ.

హూడిలోని ఆ బ్యాడ్మింటన్ అకాడమీ అతనిది. రాష్ట్ర పోటీల జూనియర్ అమ్మాయిల విభాగానికి అకాడమీ నుంచి ఒక్కరినే పంపాలి. కోచ్ మునిలక్ష్మి ఆ కాగితం వైపు చూడనైనా లేదు.

"ఆడి గెల్చినోళ్ళ పేరే రాస్తానప్పా."

"మీ మంచికే చెప్తున్నా."

"నా మంచి నాకు తెలుసు."

ఆ మొండితనం ఎక్కడిదో దర్శన్‌కు తెలియనిది కాదు. పంతొమ్మిదేళ్ళకే ఆమె రాష్ట్ర చాంపియన్. జాతీయ పోటీలకు రేపు బయల్దేరాలనగా జాబితాలో ఆమె పేరు కొట్టేసి, ఎవరో పెద్దమనిషికి కావలసిన పిల్ల పేరు ఎక్కించారు. ఎందుకని అడిగితే జవాబు చెప్పినవాళ్ళు లేరు. రెండేళ్ళకు మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. కోచింగ్‌లోకి వచ్చిన మొదటిరోజే, తన చేతుల మీదుగా ఎవరి పేరూ అలా పోనివ్వకూడదనుకుంది.

ఇప్పుడు నవ్యకు పోటీ మమత. అనంతపురం వైపు నుంచి వచ్చి అపార్ట్‌మెంట్ల దగ్గర ఇటుకలు మోసే ఎల్లమ్మ కూతురు. నవ్య ఆరేళ్ళప్పటి నుంచి ఈ కోర్టులోనే ఉంది. మమత చేరి మూడేళ్ళే. నవ్య ఆటలో లోపం ఎక్కడుందో చెప్పమని మమత అడిగితే మునిలక్ష్మి చెప్పలేదు.

"నీ ఆట నువ్వు ఆడు. ఆ పిల్ల ఆట ఆ పిల్ల ఆడతాది," అంది. నవ్యకూ అదే మాట చెప్పింది.

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. అంపైర్‌గా తనే కూర్చుంటానని మునిలక్ష్మి అంటే దర్శన్ వెంటనే ఒప్పుకున్నాడు. ఎల్లమ్మ మాత్రం బెదురుగా చూసింది.

చెరో గేమ్ గెలిచారు. మూడోదాంట్లో మమత ఇరవై, నవ్య పంతొమ్మిది. మమత కొట్టిన స్మాష్ గీత దగ్గర పడింది.

"బయట, మేడమ్," అంది నవ్య.

దర్శన్ కూడా బయటే అన్నాడు. చూస్తున్నవాళ్ళలో సగంమంది తలలూపారు. పోనీ ఆ పాయింటు మళ్ళీ ఆడించమని ఎవరో సర్దిచెప్పబోయారు. మునిలక్ష్మి కుర్చీలోంచి కదల్లేదు.

"గీత మీద పడింది. నేను చూసినాను. మ్యాచ్ మమతది."

దర్శన్ విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. ఎల్లమ్మ మెట్ల మీదే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మునిలక్ష్మి ఫారం తీసి, మమత పేరు రాసి సంతకం పెట్టింది.

హాలు ఖాళీ అయ్యాక నవ్య ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి మునిలక్ష్మి ఎదురుగా నిలబడింది. తర్వాత కిట్‌బ్యాగు భుజాన తగిలించుకుంది.

"అమ్మా, పోదాం పా, ఇంట్లో నాన్న కాచుకోనుంటాడు."