చెవి అంచు

ప్లీడరు తన కుక్కకి జడ్జి అని పేరు పెట్టుకున్నాడు. కోర్టులో మింగిన కేకలన్నీ ఇంటికొచ్చి దాని మీద కక్కేవాడు.

కొన్నాళ్లుగా జడ్జి చెవుల అంచున వెంట్రుకలు రాలి, పొక్కులు కట్టాయి. పొద్దస్తమానం గోకుడే. ప్లీడరు తనకు తోచిన చుక్కల మందేదో చెవిలో పోస్తూ వచ్చాడు.

ఒక ఉదయం పార్కులో ఫోన్లో వాదిస్తూ వెనక్కి తిరిగి చూస్తే, జడ్జి బెంచీ మీది ముసలాయన ఒళ్లో తల పెట్టి ఉంది. ఆయన దాని చెవి అంచుని రెండు వేళ్లతో నలుపుతున్నాడు. కుక్క వెనక కాలు టపటపా కొట్టుకుంటోంది.

"ఏయ్! చెవి పిండుతావేంటి? కాలెలా కొట్టుకుంటోందో కనబడ్డం లేదా?"

ముసలాయన హుషారుగా తలూపాడు. చెవి వదిలాడు, కాలు ఆగింది. నలిపాడు, మళ్లీ ఆడింది. చూశావా అన్నట్టు నవ్వాడు.

"పైగా నవ్వొకటా! నోట్లో నాలుక లేదా?"

ముసలాయన ప్లీడరు ముంజేతి మీది ఎర్రటి పొక్కుల్ని వేలితో చూపించాడు.

ప్లీడరుకి ఒళ్లు మండింది. కుక్కని కట్టే తోలు పట్టీతో ఆ వేళ్ల మీద ఛెళ్లుమని ఒకటిచ్చాడు.

ముసలాయన నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"వీణ్ని మళ్లీ లోపలికి రానిచ్చావో, నీ ఉద్యోగం ఊడుతుంది!" అని వాచ్‌మన్‌ని బెదిరించి, కేసు గెలిచినవాడిలా ఇంటికి నడిచాడు.

నెల తిరిగేసరికి జడ్జి చెవులు బోడివయ్యాయి. ఇక తప్పక పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ చెవి అంచుని రెండు వేళ్లతో నలిపింది. వెనక కాలు టపటపా కొట్టుకుంది.

ప్లీడరు ఆ రెండు వేళ్లకేసే చూశాడు.

"ఇలా కాలాడిందంటే చాలావరకు గజ్జేనండీ. చర్మం గీకి చూసి మందిస్తాను. జబ్బు అంచున ఉంటే లోపల చుక్కలు పోసి ఏం లాభం? ఇది మనుషులకీ అంటుతుంది."

"ఈ కిటుకు మీకెవరు నేర్పారు?"

"మా నాన్న. ఆయనా పశువుల డాక్టరే. పక్షవాతంతో మాట పోయినా, పార్కుకెళ్లి కుక్కల్ని చూసి రాకపోతే అన్నం ముట్టేవారు కాదు. ఒకరోజు వేళ్లు వాచి ఇంటికొచ్చారు. మంచమెక్కిన మనిషి మళ్లీ దిగలేదు. మొన్ననే పోయారు."

"కొట్టిందెవరో... చెప్పారా?"

"ఎలా చెబుతారండీ? చివరిదాకా దుప్పటి అంచు నలుపుతూ, తన ముంజెయ్యి చూపించేవారు. మాకేమీ అర్థం కాలేదు."

ప్లీడరు తనకు తెలియకుండానే చొక్కా చెయ్యి పైకి లాగి, ముంజెయ్యి గోక్కున్నాడు.